నక్షత్రకూటముల వర్గీకర్త ఎడ్విన్ హబుల్

లోకమున కొందఱు క్రొత్త వస్తువులను కనుగొని పేరు గాంచుదురు. మఱికొందఱు దొరకిన వస్తువులను వాని వాని తరముల ననుసరించి విభజించి, చెల్లాచెదరుగా నున్న జ్ఞానమునకు ఒక క్రమమును గూర్తురు. ఈ రెండవ పని పైచూపునకు అల్పముగా దోచును గాని మొదటిదానికి తీసిపోవునది కాదు. మెట్ట, మాగాణి, బంజరు అని భూమిని వేఱుపఱచి, ప్రతి ఖండమునకును తరము నిర్ణయించి లెక్క వ్రాసినగాని గ్రామమున భూమి యెట్టిదో, దాని ఫలసాయమెంతో తెలియరాదు. ఆకాశమునకు అట్టి లెక్క వ్రాసినవారిలో అమెరికా దేశస్థుడగు ఎడ్విన్ పవెల్ హబుల్ అగ్రగణ్యుడు. ఆయన తీర్చిన పట్టికలో ఒక గడి కొంతకాలము ఊహామాత్రముగనే యుండెను. ఆ గడికి దగిన వస్తువులు తరువాత దొరకెను. అవి దొరకిన పిమ్మట ఆ పట్టికను చదువవలసిన తీరే మాఱిపోయెను. ఈ వృత్తాంతము ఆయన జీవితమంతటికిని సారభూతమైనది.

హబుల్ 1889వ సంవత్సరము నవంబరు 20వ తేదీన అమెరికా సంయుక్తరాష్ట్రములలోని మిస్సౌరీ రాష్ట్రమున, మార్ష్‌ఫీల్డు అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి జాన్ పవెల్ హబుల్ భీమా వ్యాపారమున ఉద్యోగి. తల్లి పేరు వర్జీనియా. హబుల్ బాల్యముననే కుటుంబము చికాగో నగరమునకు సమీపమునందలి వీటన్ అను నూరికి తరలిపోయెను. బాలుడు జూల్స్ వెర్న్ అను ఫ్రెంచి రచయిత వ్రాసిన అద్భుత యాత్రా నవలలను మిక్కిలి ఆసక్తితో చదువుచుండెడివాడు. ఆజానుబాహువు, దేహదార్ఢ్యము గలవాడు. ఎత్తు దూకుటయందును, ఇతర వ్యాయామ క్రీడలందును తోడి విద్యార్థులను మించినవాడు. 1906లో చికాగో విశ్వవిద్యాలయమున జేరి గణితమును, జ్యోతిశ్శాస్త్రమును అభ్యసించి 1910లో పట్టము పొందెను.

ఆ యేడే రోడ్సు విద్యార్థివేతనము లభించుటచే ఇంగ్లండునందలి ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమునకు వెడలెను. కుమారుడు న్యాయవాది కావలెనని తండ్రి సంకల్పము. హబుల్ మనస్సు నక్షత్రములపై నున్నను పితృవాక్యమును జవదాటక ధర్మశాస్త్రమును చదివెను. 1913లో తండ్రి పరలోకగతుడయ్యెను. హబుల్ స్వదేశమునకు మరలి వచ్చి, ఇండియానా రాష్ట్రమున న్యూ ఆల్బనీ అను నూరి ఉన్నతపాఠశాలలో ఒక సంవత్సరకాలము స్పానిషు భాషను, భౌతికశాస్త్రమును, గణితమును బోధించెను. బాలురకు బంతియాట నేర్పెను. విద్యార్థు లాయనను మిక్కిలి ప్రేమించిరి. అయినను ఆయన చిత్తము అచట నిలువలేదు. 1914లో యర్క్సు వేధశాలలో విద్యార్థిగా జేరి, తాను కోరిన శాస్త్రమున కాయన తిరిగివచ్చెను.

ఆ కాలమున జ్యోతిశ్శాస్త్రజ్ఞులను బాధించుచున్న ప్రశ్న యొకటి కలదు. దూరదర్శినిలో చూచినపుడు నక్షత్రములవలె చుక్కలుగా గాక, పొగమంచు ముద్దలవలె మసకగా గానవచ్చు వస్తువులు ఆకాశమున వేలకొలది గలవు. వానిని నీహారికలనిరి. అవి మన పాలపుంతలోనివేనా, లేక పాలపుంతకు వెలుపల నున్న వేఱు నక్షత్ర సముదాయములా అను విషయము తేలలేదు. హబుల్ ఈ మసక వస్తువుల ఛాయాచిత్రములనే విషయముగా గైకొని 1917లో డాక్టరు పట్టమునకు వ్యాసము సమర్పించెను. వెంటనే ప్రథమ ప్రపంచ యుద్ధమునకై సైన్యమున జేరి మేజరు పదవి నందెను. 1919లో తిరిగివచ్చి కాలిఫోర్నియా రాష్ట్రమున మౌంట్ విల్సన్ వేధశాలలో నుద్యోగమును స్వీకరించెను. 100 అంగుళముల అద్దముగల దూరదర్శిని అచట అప్పటికి రెండేండ్ల క్రిందటనే వాడుకకు వచ్చి యుండెను. నాడు ప్రపంచమున అంతకంటె పెద్దది లేదు.

1920లో హార్లో షాప్లీ, హెబర్ కర్టిస్ అను నిరువురు విద్వాంసులు వాషింగ్టన్ నగరమున ఈ ప్రశ్ననే చర్చించిరి. పాలపుంతయే సమస్త విశ్వమని షాప్లీ పక్షము. నీహారికలు వేఱు విశ్వములని కర్టిస్ పక్షము. ఇరుపక్షములందును బలమైన యుక్తులుండెను గాని దూరమును కొలిచి చూపు సాధనము లేకపోవుటచే వాదము తెగలేదు.

ఆ సాధనమును హబుల్ సంపాదించెను. ఉత్తరాభాద్రా నక్షత్రమునకు చేరువగా, చీకటి రాత్రులందు కంటికి మసకమచ్చవలె గానవచ్చు ఆండ్రోమెడా నీహారికను 1923 అక్టోబరు నెలలో ఆయన ఛాయాచిత్రము దీసెను. ఆ ఫలకముపై మూడు చుక్కలను గుర్తించి, అవి యాకస్మికముగా ప్రజ్వరిల్లు నవ్యతారలని తలచి గుర్తు పెట్టెను. తరువాత పాత ఫలకములతో పోల్చి చూడగా అందొకటి క్రమము దప్పక హెచ్చుచు తగ్గుచు నుండు సెఫీడు జాతి నక్షత్రమని తేలెను. ఆయన తాను వ్రాసిన గుర్తును కొట్టివేసి సరియైన దానిని వ్రాసెను. ఆ కొట్టివేతగల ఫలకము నేటికిని భద్రపఱుపబడి యున్నది. సెఫీడు తార వెలుగు హెచ్చి తగ్గి మరల హెచ్చుటకు పట్టు కాలమును బట్టి దాని నిజమైన ప్రకాశమును తెలిసికొనవచ్చునని హార్వర్డు వేధశాలలో పనిచేసిన హెన్రియెట్టా లీవిట్ అను విదుషీమణి 1912 నాటికే నిరూపించి యుండెను. ఆమె సూత్రము లేనిచో హబుల్ ఫలకము మూగదై యుండెడిది. ఆ సూత్రము ననుసరించి లెక్కింపగా ఆండ్రోమెడా దూరము తొమ్మిది లక్షల కాంతి సంవత్సరములకు పైగా తేలెను. షాప్లీ చెప్పిన పాలపుంత వెడల్పు మూడు లక్షలే. కావున ఆండ్రోమెడా పాలపుంతలోనిది కాజాలదు. ఈ ఫలితము 1925 జనవరి 1వ తేదీన శాస్త్రజ్ఞుల సభలో చదువబడెను. ఒక్క చుక్కతో విశ్వమునకు ఎల్లలు చెరిగిపోయెను. నేటి కొలతలచే ఆ దూరము సుమారు 25 లక్షల కాంతి సంవత్సరములు.

నాటినుండి నీహారికలలో ననేకము నక్షత్రకూటములని, ఒక్కొక్కదానియందు కోట్లానుకోట్ల సూర్యులు గలరని తెలిసెను. గెలాక్సీలని నేడు పిలువబడునవి యివియే. ఇక వానికి లెక్క వ్రాయవలసి వచ్చెను. 1926లో హబుల్ తన వర్గీకరణమును ప్రకటించెను. గ్రుడ్డువలె నుండి లోపల ఎట్టి రేఖలును లేనివి అండాకార కూటములు. గుండ్రని వానికి సున్న మొదలుకొని మిక్కిలి అణగిన వానికి ఏడు వఱకు అంకెలు పెట్టెను. నడుమ బొడ్డును, చుట్టును పళ్ళెమువంటి చదునైన భాగమును, అందు మెలిదిరిగిన బాహువులును గలవి సర్పిల కూటములు. వీనిలో నడుమ అడ్డుకమ్మి గలవి, లేనివి అని రెండు శాఖలు. ఏ రూపమును లేనివి క్రమరహితములు. ఈ పట్టిక బొమ్మగా గీసినచో రెండు కొమ్మలుగా చీలిన పంగలకఱ్ఱవలె నుండును. పిడి అండాకారములు, కొమ్మలు రెండును సర్పిలములు.

ఈ పంగ చీలినచోట హబుల్‌కు ఒక సందేహము గలిగెను. మిక్కిలి అణగిన అండాకార కూటమికిని, బాహువులుగల మొదటి సర్పిలమునకును నడుమ మార్పు హఠాత్తుగా నుండెను. ప్రకృతి యంత పెద్ద అంగ వేయునా అని యోచించి, 1936లో ప్రకటించిన నీహారికా గ్రంథమున ఆ సంధిస్థానమందు ఎస్-సున్న అను క్రొత్త గడిని చేర్చెను. పళ్ళెమువంటి చదును భాగముండియు బాహువులు లేని కూటములు ఆ గడికి చెందవలెను. అయితే అట్టివి స్పష్టముగా తనకింకను దొరకలేదు. కావున ఆ గడి యించుమించు ఊహామాత్రమే యని ఆ గ్రంథముననే తెలియజేసెను. కనబడినదానిని కనబడినట్లును, ఊహించినదానిని ఊహించినట్లును వేఱుగా వ్రాయుట లెక్క వ్రాయువానికి ప్రథమ ధర్మము. హబుల్ ఆ ధర్మమును దప్పలేదు.

తరువాతి యేండ్లలో పెద్ద దూరదర్శినులతో దీసిన మంచి ఫలకములను పరీక్షింపగా ఆ గడికి చెందిన కూటములు ఒకటి రెండు గావు, విరివిగా గలవని తేలెను. మున్ను అండాకారములని లెక్కలో వేసిన కొన్నియును నిజమునకు ఇవియే. ఎన్.జి.సి. 3115 అను సంఖ్యగల కూటమి యిందుకు నిదర్శనము. అంచువైపునుండి చూచుటచే నడుమ ఉబ్బి యిరువైపుల సన్నగిలి నూలు వడకు కదురువలె నుండును. దానికి కదురు కూటమి యనియే పేరు. మొదట దానిని అండాకారములలో కడపటి తరగతిలో జేర్చిరి. పిమ్మట దానియందు పళ్ళెము గలదని తెలిసి ఎస్-సున్న గడికి మార్చిరి. హబుల్ సవరించుచుండగా నిలిచిపోయిన ఈ వర్గీకరణమును ఆయన శిష్యతుల్యుడగు అల్లన్ శాండేజ్ 1961లో గొప్ప చిత్రసంపుటముగా ప్రకటించెను. అందు ఈ తరగతికి స్థిరమైన స్థానము లభించెను.

వీనిని కటకాకార కూటములందురు. కటకమనగా భూతద్దమునందలి గాజుబిళ్ళ. మసూరు గింజవలె రెండువైపుల ఉబ్బియుండుటచే ఆంగ్లమున దానికి ఆ గింజపేరే వచ్చినది. ఈ కూటములందు నడుమ బొడ్డు పెద్దది. చుట్టును నక్షత్రముల పళ్ళెము కలదు. కాని బాహువులు లేవు. క్రొత్త నక్షత్రములు పుట్టుటకు వలసిన చల్లని వాయువు మిక్కిలి తక్కువ. ఉన్న నక్షత్రములు ముదిరి పసుపు, ఎఱుపు వన్నెలతో వెలుగుచుండును. కాన్పులాగిపోయి పెద్దలు మాత్రమే మిగిలిన యిల్లువంటివి ఇవి.

ఇవి యెచట హెచ్చుగా నుండునో చూచినచో వీని చరిత్ర కొంత తెలియగలదు. నక్షత్రకూటములు ఏకాకులుగా నుండుట గలదు, వందలు వేలు చేరి గుంపులుగా నుండుటయు గలదు. స్వాతీ నక్షత్రమునకును ఉత్తరఫల్గునీ నక్షత్రమునకును నడుమ, బెరెనీస్ రాణి కురులని గ్రీకులు పేరిడిన రాశియందు అట్టి మహాసమూహము కలదు. చైత్ర వైశాఖ మాసముల రాత్రులందు ఆ దిక్కు నడినెత్తికి చేరువగా వచ్చును. గుంపు మాత్రము కంటికి కానరాదు. అందు వేయికి మించిన కూటములు గలవు. దాని దూరము నాలుగున్నర కోట్ల కాంతి సంవత్సరములని హబుల్ నాటి లెక్క. నేటి లెక్క సుమారు 32 కోట్లు. అనగా నేటి రాత్రి దూరదర్శినిలో బడు దాని వెలుగు 32 కోట్ల యేండ్ల క్రిందట బయలుదేరినది. ఆ గుంపు నడిబొడ్డున సర్పిలములు అరుదు. అండాకారములును, కటకాకారములును అధికము. దట్టమైన గుంపులలో సర్పిలములు తక్కువగా నుండునని హబుల్ కాలమునందే గుర్తించిరి. 1980లో అలన్ డ్రెస్లర్ అను శాస్త్రజ్ఞుడు అనేక సమూహములను పరిశీలించి, గుంపు దట్టమైన కొలది కటకాకారములును అండాకారములును హెచ్చుచు, సర్పిలములు తగ్గునని లెక్కలతో స్థాపించెను.

ఇందులకు కారణమేమి? గుంపులోని కూటముల నడుమ ప్రదేశము శూన్యము కాదు. కోట్లకొలది డిగ్రీల వేడిమిగల పలుచని వాయువు అందంతటను నిండియున్నది. కూటములు సెకనుకు వేయి కిలోమీటర్లకు తగ్గని వేగముతో ఆ వాయువులోనుండి దూసికొనిపోవుచుండును. కళ్ళమునందు గాలికెదురుగా ధాన్యమును తూర్పాఱబట్టినపుడు పొట్టు ఎగిరిపోయి గింజ నిలుచును గదా. అట్లే ఆ యెదురుగాలికి కూటమిలోని చల్లని వాయువు కొట్టుకొనిపోవును, నక్షత్రములు నిలిచియుండును. ఈ సిద్ధాంతమును 1972లో జేమ్సు గన్, రిచర్డ్ గాట్ అనువారు ప్రతిపాదించిరి. వెలుపలినుండి క్రొత్త వాయువు వచ్చి చేరుట ఆగిపోవుటయు మఱియొక కారణము. వాగు మళ్ళిన చెఱువు ఒక్కనాటనే యెండదు, ఉన్న నీరు తరుగుకొలది క్రమముగా నెండును. కూటములొండొంటిని రాసికొనుటచేతను, కలిసిపోవుటచేతను గూడ ఇట్టివి యేర్పడుననుటకు నిదర్శనములు గలవు. అన్ని కటకాకారములకును కారణమొక్కటియే యని విద్వాంసులు తలంపరు.

హబుల్ కీర్తి వర్గీకరణముతో ముగియలేదు. 1929లో ఆయన 24 నీహారికల దూరములను, వేగములను పోల్చి, దూరమున్నకొలది అవి యధిక వేగముతో తొలగిపోవుచున్నవని చూపెను. ఆ వేగములలో పెక్కింటిని అంతకుముందే వెస్టో స్లైఫర్ అను శాస్త్రజ్ఞుడు ఎంతో శ్రమించి కొలిచి యుండెను. బెల్జియము దేశీయుడగు జార్జి లెమైత్రు 1927లోనే విశ్వవ్యాకోచమును గణితముచే ప్రతిపాదించి యుండెను. అందుచేతనే అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య 2018లో ఈ నియమమును హబుల్-లెమైత్రు నియమమని పిలువవలసినదిగా నిర్ణయించెను. అటుపిమ్మట అత్యంత దూరపు కూటముల వేగములను కొలుచుటలో హబుల్‌కు కుడిభుజమైనవాడు మిల్టన్ హ్యూమసన్. ఇతడు పదునాలుగవ యేట బడి మానినవాడు. కంచరగాడిదలపై సామాను వేసికొని మౌంట్ విల్సన్ కొండకు తోలుకొనిపోయినవాడు. 1917లో ఆ వేధశాలలోనే ఊడిచి తుడుచు పనిలో కుదిరి, రాత్రులందు పెద్దల పని చూచి నేర్చి, తుదకు అచటనే జ్యోతిశ్శాస్త్రజ్ఞుడుగా నియమింపబడెను. ఒక్కొక్క మసక కూటమి వర్ణపటమునకై రాత్రులకు రాత్రులు చలిలో దూరదర్శిని కడ ఓర్పుతో నిలిచినవా డితడు.

హబుల్ గుణములతోపాటు లోపములును చెప్పవలెను. ఆక్సుఫర్డునుండి తెచ్చుకొన్న ఆంగ్లేయుల ఉచ్చారణమును, వేషమును ఆయన కడవఱకు విడువలేదు. ఇతరుల శ్రమకు దగినంత మన్నన చూపడని సహచరులు కొందఱు నొచ్చుకొనిరి. తాను కెంటకీ రాష్ట్రమున న్యాయవాదిగా పనిచేసితినని చెప్పుకొనెడివాడు. చరిత్రకారులు వెదకగా అట్టి దాఖలా యేదియు లేదు. ఆ కాలమున ఆయన బడిపంతులు. పంతులుగా నుండుట అవమానము కానే కాదు, అయినను ఆయన దానిని మఱుగుపఱచెను. ఆకాశపు లెక్కలో లేనిదానిని ఉన్నదని వ్రాయుటకు చేయి సాగని మనుష్యుడు, తన సొంత లెక్కలో లేని పద్దును వ్రాసికొనెను. ఇది విచారింపదగినదే. కాని చూడని గడిని చూచితినని ఆయన శాస్త్రమున చెప్పియుండినచో నష్టము లోకమునకు గలిగెడిది. అచట మాత్రము ఆయన నిప్పువలె మెలగెను.

1924లో ఆయన గ్రేస్ అను విదుషిని వివాహమాడెను. వారికి సంతానము లేదు. ద్వితీయ ప్రపంచ యుద్ధకాలమున సైన్యమునకు గుండ్ల గమనమును లెక్కించు శాఖలో పనిచేసి 1946లో ప్రభుత్వ పతకమును పొందెను. గ్రంథములనిన ఆయనకు మిక్కుటమైన ప్రీతి. శాన్ మారినో పట్టణమందలి ప్రసిద్ధమగు హంటింగ్టన్ గ్రంథాలయమునకు ధర్మకర్తలలో నొకడుగా నుండి సేవచేసెను. 1949 జనవరిలో పాలొమార్ కొండపై 200 అంగుళముల నూతన దూరదర్శినితో తొలి ఛాయాచిత్రమును దీయు గౌరవ మాయనకే దక్కెను. ఆ యేడే గుండెజబ్బు వచ్చెను. కోలుకొని మరల కొండకు వెళ్ళుచు, 1953 సెప్టెంబరు 28వ తేదీన తన 63వ యేట శాన్ మారినోలో దేహము చాలించెను. అంత్యక్రియలు బహిరంగముగా జరుగలేదు. ఆయన దేహము నెచట నుంచిరో భార్య యెవరికిని తెలుపలేదు. సమాధి లేని ఆ మహాశయునకు ఆకాశముననే స్మారకచిహ్నము వెలసెను. 1990 ఏప్రిలు నెలలో భూమిచుట్టును తిరుగునట్లు ప్రయోగింపబడిన దూరదర్శినికి హబుల్ అని పేరు పెట్టిరి. మొదట దాని అద్దమున దోషము బయటపడెను. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్ళి దానిని సరిచేసిరి.

ఆ దూరదర్శినితోనే హబుల్ గడి కథకు పరిపూర్తి గలిగెను. నాలుగైదు వందల కోట్ల యేండ్ల క్రిందట బయలుదేరిన వెలుగును నేడు మనకు బంపుచున్న అతిదూరపు సమూహములను డ్రెస్లరును ఆయన సహచరులును ఆ దూరదర్శినితో పరీక్షించి 1997లో ఫలితములను ప్రకటించిరి. దూరము చూచుట యనగా పూర్వకాలమును చూచుటయే గదా. ఆ పూర్వకాలపు గుంపులలో కటకాకారములు, నేటి సమీపపు గుంపులలోని వానితో పోల్చగా, సగమునకును మూడవవంతునకును నడుమ నుండెను. ఆ మేరకు సర్పిలములు అధికముగా నుండెను. అనగా నాడు బాహువులతో వెలిగిన సర్పిలములే గుంపులో జేరి, వాయువును గోల్పోయి, కాలక్రమమున కటకాకారములైనవని తేలినది.

ఇందొక వింత గలదు. హబుల్ తన పట్టికలో అండాకారములను తొలివి యనియు, సర్పిలములను మలివి యనియు పేర్కొనెను. ఆ మాటలు కాలక్రమమును చెప్పునవి కావని ఆయన హెచ్చరించినను, చదువరులు పలువురు ఎడమనుండి కుడికి వయస్సు నడచునని భావించిరి. గుంపులలోని కటకాకారముల విషయమున నడక కుడినుండి ఎడమకే యని తుదకు తేలెను. పట్టిక నిలిచినది, గడి నిలిచినది, చదువు దిక్కు మాత్రము తిరుగబడినది. ఊహను ఊహయని వ్రాసియుంచుటచేతనే వెనుకటివారికి దానిని సరిచూచుట సులభమయ్యెను. నిశ్చయమని వ్రాసియుండినచో ముందు ఆ నిశ్చయమును పెకలించుటకే ఒక తరము పట్టియుండెడిది.

గ్రంథాలయమున పుస్తకములను వరుసగా నమర్చునపుడు ఇంకను రాని సంపుటమునకు బీరువాలో కొంత చోటు విడిచి యుంచుట కలదు. ఆ ఖాళీ లోపము కాదు. రాబోవు చదువరికి అది గుర్తు. ఎడ్విన్ హబుల్ ఆకాశపు బీరువాలో అట్టి చోటొకటి విడిచి, రావలసిన సంపుటము పేరు దానిపై వ్రాసి వెడలిపోయెను. పల్లెపట్టుల యువకులు రాత్రివేళ స్వాతీ నక్షత్రమును చూచునపుడు, దాని కావల కోట్ల యేండ్ల దూరమున బాహువులుడిగి ప్రశాంతముగా వెలుగు ఆ కూటములను స్మరింతురు గాక. తాము వ్రాయు ప్రతి లెక్కయందును చూచినది వేఱు, తలచినది వేఱు అను వివేకమును నిలుపుకొందురు గాక.